ముక్కు కోసం జలంత్రకోట

టెక్కలిలో ఒక కాలేజీ వాళ్ళు పిలిచి, బొమ్మల గురించి పిల్లలతో కాసేపు మాట్లాడమన్నారు. మాట్లాడటం నాకు చేతకాదు, వేసి చూపిస్తానన్నాను. నా టాబ్లెట్ మీద గీసేదంతా పెద్ద తెర మీద పడేలా ఏర్పాటు చేశారు. పిల్లలు బుద్ధిగా చూశారు. చివర్లో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీరు ఎక్కడ కోర్సు చేశారు? మీ గురువు ఎవరు?" అని అడిగింది. "ఫోన్లోనే నేర్చుకున్నానమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. గురువు సంగతి మాత్రం తప్పించుకున్నాను. ప్రిన్సిపాల్ గారూ, శాలువా, పూలగుత్తీ ఉన్నచోట మా నాన్నమ్మ పేరు చెబితే, ఎందుకు చెప్పానో వివరించడానికి ఇంకో పూట పట్టేది. వాళ్ళకేమో భోజనాల వేళ దాటిపోతోంది.

తిరుగు బస్సు పలాస పక్కనున్న కాశీబుగ్గ చేరేసరికి కిటికీలోంచి ఆ వాసన కొట్టింది. జీడిపిక్కల తొక్కు కాలుతున్న వాసన. పలాస మీదుగా పోయే బయటి ఊళ్ళవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆకలేస్తుంది. మా అమ్మ సాయంత్రం జీడి బట్టీ నుంచి ఇంటికొచ్చినప్పుడు ఆమె చీరలోంచి ఆ వాసనే వచ్చేది, ఆ వాసన వచ్చిన కాసేపటికి పొయ్యి మీద అన్నం ఉడికేది. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గట్టిగా ఊపిరి పీలుస్తున్న నన్ను వింతగా చూసింది. ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబంతా అక్కడ, ఆ బస్సులో గుర్తొచ్చింది. చెప్పడానికి అమ్మాయి లేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

మందసకు ఇవతల, కొబ్బరితోటల్లో ఇళ్ళు కనబడకుండా దాక్కున్న ఊరు మాది. సముద్రం కనబడదు, కానీ ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఉప్పుగాలికి జిడ్డుగా తయారయ్యేవి. నాన్న తోటపని చూసుకునేవాడు. అమ్మ వేకువనే లేచి, చద్దన్నం గిన్నె మూట కట్టుకుని పలాస బట్టీకి వెళ్ళే ఆటో ఎక్కేది. ఇంటి పెత్తనమంతా నాన్నమ్మది. ఆమెకు ప్రతి పనికీ ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే రాలిన కొబ్బరిమట్టలు ఏరి, ఈనెలు వేరు, ఆకులు వేరు, మట్టలు వేరు పెట్టేది. తర్వాత చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచి, అది చల్లారేదాకా ఎవరినీ కుండ దగ్గరకు రానిచ్చేది కాదు. వేడి అంబలి తాగితే పేగులు కాలతాయనేది. అసలు సంగతేమిటంటే చల్లారాక మజ్జిగ కలిపితే ఇంకో ఇద్దరికి సరిపోతుంది. పనస రోజుల్లో ఇల్లంతా పనస వాసన, జీడి రోజుల్లో పులిసిన జీడిపండ్ల వాసన, వానల్లో తడిసిన కొబ్బరిపీచు వాసన. తీరం నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఎండుచేపల మనిషి వచ్చిందంటే మిగతా వాసనలన్నీ ఓడిపోయేవి. ఆమెతో నాన్నమ్మ బేరం పూటంతా సాగేది. తిట్టుకునేవారు, ఇద్దరూ కలిసి అంబలి తాగేవారు, మళ్ళీ తిట్టుకునేవారు. బేరంలో ఎవరు గెలిచారో మాకెప్పుడూ తెలియలేదు.

ఇంటర్ అయ్యాక నా చదువు ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, ఆగిపోయిందంతే. అమ్మతో పాటు నేనూ బట్టీకి వెళ్ళడం మొదలుపెట్టాను. అమ్మ పప్పు మీద పొట్టు తీసేది. నాలాంటి కొత్తవాళ్ళం కాలితో తొక్కే మిషన్ల దగ్గర కూర్చుని పిక్కల్ని రెండుగా కోసేవాళ్ళం. ఆ తొక్కులో ఉండే జీడి నూనె తగిలితే చర్మం కాలుతుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చున్నా వేళ్ళ చివర్లు నల్లబడి పొరలు పొరలుగా ఊడేవి. ఆ రోజుల్లోనే అమ్మ తమ్ముడు సూర్యం మావ నాకు ఫోను ఇచ్చాడు. పలాసలో ఫోన్లు రిపేరు చేసే కొట్టు ఆయనది. ఎవరో బాగుచేయమని ఇచ్చి, తిరిగి రాకుండా పోయిన ఫోను అది. అద్దం మీద ఆ మూల నుంచి ఈ మూలకు పగులు. "కేమేరా బాగున్నాది. మాటే సరిగ్గా ఇనబడదు" అన్నాడు మావ. నాకు ఫోను చేసేవాళ్ళు ఎవరున్నారు గనక, సంతోషంగా తీసుకున్నాను.

మొదట్లో కనబడినదల్లా తీశాను. జీడిపూత, కొబ్బరాకుల సందుల్లోంచి పడే ఎండ, అంబలి కుండ మీద ఆవిరి, అమ్మ చేతులు. ఆ చేతుల ఫొటో చూసి అమ్మ కోప్పడింది. "తియ్యడానికి నీకింకేటీ దొరకలేదేటే" అని చేతులు కొంగులో దాచుకుంది. నేను తీసిన ప్రతి ఫొటోలోనూ అడ్డంగా ఒక గీత ఉండేది. అది ఫొటోలో లేదనీ, నా అద్దం మీది పగులేననీ మావ ఫోన్లోకి పంపించి చూశాకే తెలిసింది. ఆ రోజు నా ఫొటోలు నాకే కొత్తగా కనిపించి, కొట్టు ముందు నిలబడి అన్నీ మొదటినుంచి చూసుకున్నాను. వీధిలో అందరూ "ఒలే ఫొటోల పారొతీ" అనడం మొదలుపెట్టారు. నా పేరు పార్వతి. మా వైపు ఆ పేరును ఎవరూ పూర్తిగా పలకరు.

ఆ పిలుపు వల్లే నాకు ఇంకో పని అంటుకుంది. మా ఊళ్ళో మనిషి పోయాక పెద్దకార్యం రోజున ఫొటో కావాలి. పీట మీద పెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి, కొత్తబట్టలు దాని ముందుంచాలి. బతికున్నన్నాళ్ళూ ఫొటో తీయించుకోవాలని ఎవరికీ తోచదు. పోయాక ఓటరు కార్డో, ఎవరి పెళ్ళి ఆల్బంలోనో వెనక వరసలో సగం కనబడే ముఖమో పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. నేను దాన్ని ఫోనుతో ఫొటో తీసి, ఉచితంగా దొరికే ఆప్‌లో పెట్టి, పక్కవాళ్ళ భుజాలు చెరిపి, చిరిగినచోట అతికేదాన్ని. మావ దాన్ని ప్రింటు తీయించి తెచ్చేవాడు. ఆ ఫొటోలకు ఒక మర్యాద ఉంది. పోయినవాళ్ళు తెల్లగా ఉండాలి. మగవాళ్ళకు తెల్లచొక్కా, ఆడవాళ్ళకు పట్టుచీర, వెనకాల నీలం మబ్బులు. బతుకంతా తోటలో ఎండకు నల్లబడిన మనిషిని నేను ఒక్క పూటలో తెల్లగా తోమేసేదాన్ని. పుట్టుమచ్చలు చెరిపాను, గాట్లు చెరిపాను, ముడతలు సగం చెరిపాను. కొడుకులు చూసి "మా అయ్యే" అని కళ్ళు తుడుచుకునేవారు. నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఆ గోడల మీద చూస్తే ఊరి పెద్దలందరూ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటారు.

ఒక మధ్యాహ్నం నేను ఆ పనిలో ఉంటే నాన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మా వీధి చివరి ముసలాయనకు తెల్లచొక్కా తొడుగుతున్నాను. కాసేపు చూసి, "ఒలే, ఫొటో లేనోలకి సెయ్యలేవేటి?" అంది.

"ఎవరికి నాన్నమ్మా?"

"మీ తాతకి."

మా తాత నాన్న పాకే వయసులో ఉండగానే జ్వరంతో పోయాడు. ఆయన ఎప్పుడూ ఫొటో తీయించుకోలేదు. పెద్దలకు పెట్టే రోజున నాన్నమ్మ గోడకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఆ గోడ ముందే పంచె పెట్టి దణ్ణం పెట్టుకునేది. మాకు తాత అంటే ఆ పసుపు రాసిన గోడే. అందుకని నవ్వుతూ, "ఇన్నాళ్ళూ లేని ఫొటో ఇప్పుడెందుకే నీకు?" అన్నాను.

"ఇన్నాళ్ళూ గోడకేసి సూత్తే ముకం కనబడీది. ఇప్పుడు గోడే కనబడతంది" అంది. ఆమె నవ్వడం లేదు. "కల్లోకి వత్తాడు. ఈపు తిప్పుకుని తోటలోకి ఎలిపోతాడు. పిలుత్తాను, తిరగడు. ముకం మర్సిపోతన్నానే అమ్మీ. నాను మర్సిపోతే మరింకెవులికి తెలుసు?"

నాకు భయమేసింది. నాన్నకు తన తండ్రి ముఖం తెలియదు. ఆ ముఖాన్ని దగ్గరగా చూసినవాళ్ళలో మిగిలింది ఈమె ఒక్కతే. ఈమె మరచిపోతే ఆ మనిషి ఇక ఎక్కడా ఉండడు. ఎలా చేయాలో తెలియకుండానే, చేస్తానని మాటిచ్చేశాను.

నాకు తెలిసిన పని అతుకులు వేయడం. తాతను కూడా అతికి తయారుచేద్దామనుకున్నాను. ఎవరిలో ఆయనది ఏముందో చెప్పమని నాన్నమ్మను కూర్చోబెట్టాను. నుదురు మా నాన్నది. చెవులు మా తమ్ముడివి. గడ్డం కూడా నాన్నదే, కాకపోతే కాస్త సన్నగా చెక్కితే సరిపోతుంది. ముక్కు దగ్గరకొచ్చేసరికి ఆమె మా అందరి ముఖాలూ ఒకసారి కలయజూసి పెదవి విరిచింది. "ఇక్కడ లేదు. ఆ ముక్కు జలంత్రకోటలో ఉన్నాది" అంది. జలంత్రకోటలో ఉన్నది తాత చెల్లెలు. తాత పోయేనాటికి ఆవిడ చిన్నపిల్ల. అన్న ముఖం ఆవిడకూ గుర్తులేదు. అన్న భుజాల మీద కూర్చుని తోటకెళ్ళేదట, అందుకని ఆవిడకు తెలిసిందల్లా ఆయన నడినెత్తి మీది సుడి ఒక్కటే.

బట్టీకి సెలవు పెట్టి రెండు బస్సులు మారి జలంత్రకోట వెళ్ళాను. మామ్మ వాకిట్లో కొబ్బరికాయలు పీచు తీయిస్తోంది. నన్ను చూడగానే పెళ్ళి కుదిరిందనుకుని సంబరపడిపోయింది. "కాదు మామ్మా, నీ ముక్కు ఫొటో కావాలి" అన్నాను. పీచు తీస్తున్నవాళ్ళు పని ఆపేశారు. సంగతంతా విన్నాక ఆవిడ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, పౌడరు రాసుకుని వచ్చి స్టూలు మీద నిటారుగా కూర్చుంది. మళ్ళీ చెమటపట్టే దాకా ఆగి, పౌడరు పోయాక తీశాను. ముక్కుకు రెండువైపులా పుడకలున్నాయి. తీయమంటే ఒప్పుకోలేదు. "మా ముసిలోడు బతికుండగా ముక్కు బోడి సేసుకోమంటావేటే? నీ ఫోన్లో నువ్వే తీసుకో" అంది. తిరిగొచ్చేటప్పుడు ఓ సంచెడు కొబ్బరికాయలు నా నెత్తికెత్తింది. ముక్కూ కొబ్బరికాయలూ మోసుకుని ఇంటికి చేరాను.

తర్వాత రోజుల్లో బట్టీ నుంచి వచ్చిన వెంటనే కూర్చునేదాన్ని. అసలు చిక్కు అతుకుల్లో కాదు, నా వేళ్ళలో వచ్చింది. చర్మం ఊడి, గట్టిపడి ఉండేసరికి ఫోను తెరకు నా వేలు తగిలినట్టే తెలిసేది కాదు. ఎంత రుద్దినా ముక్కు కదిలేది కాదు. చివరకు చిటికెన వేలి పక్కభాగం ఒక్కటే జీడి తగలకుండా మెత్తగా మిగిలిందని కనిపెట్టి, దాంతో లాగాను. అలా నాన్న నుదురు, తమ్ముడి చెవులు, పుడకలు చెరిపిన జలంత్రకోట ముక్కు ఒకచోట కుదిరాయి. నేను ఊళ్ళో అందరికీ చేసినట్టే చేశాను. రంగు తేల్చాను. జుట్టు నెరిపించాను. నుదుటి మీద పెద్దరికంగా మూడు గీతలు, తెల్లచొక్కా, నీలం మబ్బులు. అమ్మ చూసి "అచ్చం పెద్దమనిషిలాగున్నాడు" అంది. నాన్న రెండోసారి అడిగి మరీ చూశాడు.

ఆదివారం పొద్దున ప్రింటు తెచ్చి నాన్నమ్మ చేతిలో పెట్టాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నాన్నమ్మ ఫొటోను వెలుతురుకు తిప్పి, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

"ఎవులే ఈ ముసిలాయన?"

"తాత."

"ఎవులి తాత?"

"మా తాతే నాన్నమ్మా. నువ్వు చెయ్యమన్నావు కదా."

ఆమె ఫొటోను ఒళ్ళో పెట్టుకుంది. నా మీద కోపం లేదు, గొంతులో మెల్లదనమే ఉంది. "మీ తాత ముసిలోడెప్పుడయ్యాడే?" అంది.

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. జ్వరంతో పోయేనాటికి ఆయన మా నాన్న అప్పటి వయసు కంటే చాలా చిన్నవాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. చిన్నప్పటినుంచీ విన్నదే. కానీ ఇంట్లో అందరూ ఆయన్ని తాత అనే పిలిచాం, పసుపు రాసిన గోడకు తాత అనే దణ్ణం పెట్టాం. తాత అంటే తల నెరిసి ఉంటుందనుకున్నాను. ఎప్పటికీ రాని ముసలితనాన్ని నేను ఆయన నెత్తిన పెట్టాను. నాన్నమ్మకు కావలసినవాడు వేరు. ఆమెకు ఇప్పుడు తన కొడుకు కంటే చిన్నవాడైన మొగుడు కావాలి.

ఫొటో తప్పని చెప్పినా, నాన్నమ్మ దాన్ని చింపనివ్వలేదు. ఎవరైతేనేం, పెద్దాయన బాగానే ఉన్నాడని గూట్లో పెట్టింది. నేను మాత్రం మావ దగ్గరకు వెళ్ళి, ఫొటోలు అతికే ఆప్ కాకుండా బొమ్మలు వేసేదేదైనా ఉంటే పెట్టమన్నాను. ఆయన పెట్టిచ్చినదాన్ని తెరిస్తే ఖాళీ తెల్లకాగితం వచ్చింది. అతకడానికి ఏమీ లేదు. భయంతో దాన్ని రెండుసార్లు మూసేశాను. కాగితం మీద కాగితం పరిచినట్టు ఒకదాని మీద ఒకటి పొరలు వేసుకోవచ్చని చాలా రోజులు తెలియదు. కన్ను తప్పయిందని చెరిపితే పక్కనున్న ముక్కు కూడా పోయేది. హిందీలో ఎవరో వివరిస్తున్న వీడియో ఒకటి దొరికింది. ఒక్క మాట అర్థం కాలేదు గానీ, ఆ మనిషి వేలు ఎక్కడెక్కడ నొక్కుతోందో చూసి పొరల సంగతి పట్టుకున్నాను. ఆ పూట ఫోను పట్టుకుని పెరట్లో చిందులు తొక్కితే, అమ్మ నాకేదో లాటరీ తగిలిందనుకుంది.

అయితే పొరలు తెలిసినంత మాత్రాన ముఖం రాదు. ఎలా ఉండేవాడే అని అడిగితే నాన్నమ్మ "బాగుండీవోడు" అనేది. కళ్ళెలా ఉండేవే అంటే "కళ్ళలాగే" అనేది. గట్టిగా అడిగితే ఆమె ముఖంలో కంగారు కనబడేది, ఉన్న కాస్తా జారిపోతుందేమోనన్నట్టు. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి, ఊరికే మాట మార్చడానికి, "తాత కొబ్బరిచెట్టు దిగాక ఏం చేసేవాడే?" అన్నాను.

"ఏటి సేత్తాడు, తువ్వాలు దులుపుకుంటాడు" అంది. అని, లేని తువ్వాలు నిజంగానే దులిపింది. "పీచు కంట్లో పడిపోయీది. ఇలగ ఎడంకన్ను మూసుకుని, మూతి ఇలగ వంకరగా ఎట్టుకుని, 'నీళ్ళు తే' అనీవోడు."

ఆమె ఎడమకన్ను మూసి, మూతి ఒకవైపుకు లాగి నన్ను చూస్తోంది. అది మా నాన్నమ్మ ముఖం కాదు. ఆ ముడతల్లోంచి నేనెప్పుడూ చూడని ఒక కుర్రవాడు చిరాగ్గా నన్ను నీళ్ళడుగుతున్నాడు. ఒళ్ళో ఉన్న ఫోను ఎత్తి గబుక్కున ఫొటో తీశాను.

ఆ తర్వాత నేను ముఖం గురించి అడగడం మానేసి పనుల గురించి అడిగాను. అంబలి వేడిగా ఉంటే ఎలా ఊదేవాడు? అప్పు ఇచ్చినవాడు ఎదురైతే ఎటు చూసేవాడు? నీ మీద కోపమొస్తే? ఆమె అన్నీ చేసి చూపించింది. ముందుపన్ను విరిగి ఉండేదట, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడట. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి చూపించింది. కుడి కనుబొమలో కొబ్బరిమట్ట కోసుకుపోయిన గాటు దగ్గర వెంట్రుకలు మొలవలేదని, అంతవరకూ తనకే గుర్తులేని సంగతి, వేలితో తన కనుబొమ రాసుకుంటూ చెప్పింది. ఆ గాటు దొరికిన రోజు ఆమె పొంగిపోయింది, సాయంత్రం వరకూ తనలో తనే మాట్లాడుకుంది. నేను ఆ ఫొటోలన్నీ ముందు పెట్టుకుని గీశాను. ఏదీ చెరపలేదు. గాటు ఉంచాను, విరిగిన పన్ను ఉంచాను. రంగు తోటల్లో తిరిగే మగవాళ్ళ నలుపే వేశాను. చొక్కా వేయలేదు. చెట్టును వాటేసుకుని ఎక్కీ దిగీ గీరుకుపోయిన ఛాతీ, భుజాన తువ్వాలు, వెనకాల మబ్బులకు బదులు మా తోట. మొదట వేసినవి అందరికీ నవ్వు తెప్పించాయి. ఒకదాంట్లో తాత మెల్లకన్నువాడయ్యాడు, ఇంకోదాంట్లో పోలీసు స్టేషన్ గోడ మీది దొంగ ఫొటోలా వచ్చాడు. చూసిన ప్రతిసారీ నాన్నమ్మ ఒక్కో ముక్క సరిచేసేది. "బుగ్గ అంతుండదు, మాకు తిండేది?" అనేది. అలా నెలల తరబడి గీశాను. ఆ పనిలోపడి వేళ్ళకు జీడి మంట తెలిసేది కాదు.

చివరి బొమ్మ చూపించిన రోజు ఆమె వెనక అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది. మా వైపు పెద్దవాళ్ళు కాల్చినట్టే, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని. నేను ఫోను ఆమె ముందు పట్టుకున్నాను. ఆమె చూసింది. మరుక్షణం నోట్లోంచి చుట్ట లాగేసి అరుగు కింద పడేసి, రెండో చేత్తో కొంగు నెత్తి మీదికి లాక్కుంది. చుట్ట అలవాటు ఆయన పోయాకే అయిందట. ఆయన ఎప్పుడూ చూడలేదు. అది నాకు తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం తల వంచుకుని, కిందనుంచి కిందనుంచి ఫోనుకేసి చూస్తూ కూర్చుంది. "తల దువ్వుకోలేదు సూడు" అని ఆయన్ని విసుక్కుంది.

ఇప్పుడు నా దగ్గర మంచి టాబ్లెట్ ఉంది, పెన్ను ఉంది, ఎన్ని పొరలు కావాలంటే అన్ని వేసుకోవచ్చు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. ఎక్కడో ఉన్నవాళ్ళు నా బొమ్మలు చూసి, వీటిలో మనుషులు కదులుతున్నట్టుంటారని ఉత్తరాలు రాస్తారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి చేతిలో కెమెరా ఉంది. మా ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి నడక రాకముందే వెయ్యి ఫొటోలుంటున్నాయి. ముఖం మరచిపోతానన్న భయం ఎవరికీ లేదు, అది మంచిదే. నేను ఆ రోజుల్ని తిరిగి రమ్మనను, జీడి నూనెతో కాలిన వేళ్ళను ఎవరికీ కోరుకోను. కానీ కొత్తగా బొమ్మలు నేర్చుకుంటామని వచ్చినవాళ్ళు ఎలా మొదలుపెట్టాలని అడిగితే, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, పోయినవాళ్ళు ఎలా నడిచేవారో చేసి చూపించమనండి అంటాను. ఎక్కువమంది అది సలహా అనుకోరు. ఏ ఆప్ వాడాలో చెప్పమంటారు. అదీ చెబుతాను.

ఆ రోజు అరుగు మీద నాన్నమ్మ ఫోను తిరిగి ఇవ్వలేదు. కొంగు సర్దుకుని, మెల్లగా, "నన్ను కూడా పక్కనెట్టే" అంది.

"ఇప్పుడున్నట్టా?"

"సీ. ముసిల్దాన్ని తెచ్చి ఆయన పక్కనెడతావేటి? అప్పటి నన్నే."

"అప్పుడు నువ్వెలా ఉండేదానివే?"

"నాకేటి తెలుసు. మా ఇంట అద్దమేదీ. నన్ను సూసినోడు ఆయనొక్కడే" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురువైపు తిప్పింది. జీడి మసి అంటిన నా ముఖం, ఎవరూ పిల్లనడగడానికి రాని నా నల్లటి ముఖం. "జలంత్రకోట నుండి వచ్చినప్పుడల్లా మీ మామ్మ నిన్ను సూసి అంటాది, వదిన సిన్నప్పుడు ఇలాగే ఉండీదని" అంది.

మర్నాడు ఫోను నావైపు తిప్పుకుని ఫొటో తీసుకున్నాను. రంగు తేల్చలేదు, ఏదీ చెరపలేదు. ఆ ముఖం చూస్తూ తాత పక్కన ఆమెను గీశాను, చెవులకు ఆమె చెప్పిన కమ్మలు పెట్టాను, నెత్తిన నీళ్ళకుండ పెట్టాను. ఇప్పుడు ఆ బొమ్మలో ఉన్న ఇద్దరికంటే నా వయసే పెద్దది. పూర్తయ్యాక తీసుకెళ్ళి చూపిస్తే, నాన్నమ్మ ఈసారి తాతకేసి చూడలేదు. పక్కనున్న పిల్లనే చూసింది, వేలితో ఆ చెంప తడిమింది.

"నానింత బాగుండీదాన్నేటే?" అంది.

నేనెలా ఉంటానో మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అలా చెప్పలేదు.

"అవును నాన్నమ్మా, ఇంత బాగుండేదానివి" అన్నాను.